చెరపని బోర్డు

దర్జీ అన్నదమ్ములు పోట్లాడుకుని తమ్ముడు కొట్టు మానేసిన వారానికే, అన్న తన బావమరిదిని పిలిచి బోర్డు మార్చమన్నాడు. రంగుడబ్బాతో నిచ్చెనెక్కిన బావమరిది పాత అక్షరాల దగ్గర ఆగాడు.

“‘ది ఓల్డెస్ట్ అండ్ ది బెస్ట్ టైలర్స్’ అని బాగానే ఉందిగా బావా?”

“రెండో ‘ది’ తీసెయ్. అదుంటే ఇద్దరు మనుషులట, లేకపోతే ఒక్కడేనట. హెడ్మాస్టరు చెప్పాడు. చివరి ‘ఎస్’ కూడా చెరిపెయ్. పాతవాణ్ణీ నేనే, గొప్పవాణ్ణీ నేనే.”

“నువ్వు కత్తిరిస్తే చిన్నబావ కుట్టేవాడు. ఇక కుట్టేదెవరు?”

“నా కత్తెర చూస్తే గుడ్డ హడలిపోయి తనంతట తానే కుట్టుకుంటుంది.”

“మరి ఆ పెళ్లికొడుకు చొక్కా ఇంకా హడలినట్టు లేదే. చేతులు రెండూ బల్ల మీద విడిగా పడున్నాయి.”

“నువ్వు బోర్డు చూడరా.”

“చూస్తున్నాలే. రేపు పొద్దున అతనొస్తే చొక్కా తొడుక్కుని, చేతులు జేబులో పెట్టుకుపోతాడా?”

బావగారు కుట్టుమిషను వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

“తమ్ముడేం చేస్తున్నాడు?”

“వేరే కొట్టు చూసుకుని, అతనూ బోర్డు రాయమన్నాడు. ‘ది బెస్ట్ టైలర్’ అని.”

“వాడికి జేబురుమాలు కత్తిరించడం కూడా రాదు.”

“అందుకేగా, బోర్డు తగిలించినా ఇంకా తలుపు తియ్యలేదు.”

బావగారు చొక్కా ముక్కలన్నీ మడిచి మూటగట్టాడు.

“బోర్డు ముట్టుకోకు, దిగు. ఇది వాడికిచ్చిరా. నేను పంపానని మాత్రం చెప్పకు.”

“ఎవరు పంపారని చెప్పను?”

“ఏమీ చెప్పక్కర్లేదు. ఇలా కత్తిరించేవాడు ఇంకెవడున్నాడని.”