వెనక సీటు లేని బండి

1964. జువ్వలదిన్నె సముద్రపొడ్డున, తడి ఇసకలో రెండు మోటారుసైకిళ్లు. పెద్దది ఎండుచేపల వ్యాపారి జయకుమార్ ఎక్కివచ్చినది. చిన్నది, అతను అడిగాడని బిట్రగుంట మెకానిక్కు మదార్ తోలుకొచ్చినది. ఇద్దరూ పాత స్నేహితులు. పొద్దు వాలుతోంది. జయకుమార్‌కు ఈ మధ్య పొద్దు వాలకముందే ఒళ్లు వాలిపోతోంది.

“అది కాదబ్బయా, నువ్వు చెప్పేది నా తలకెక్కడంలా. పెద్దబండి ఉన్నోడు ఇంకా పెద్దదానికి పోతాడు. నువ్వేంది, వెనక్కి నడస్తా ఉండావు?”

“పెద్దది చాలు మదారన్నా. చిన్నది చూపించు.”

“చూపించేదానికేగదా ఇంతదూరం తోలుకొచ్చింది! కానీ ముందే చెప్తా ఉండా. దీంట్లో బలం సగమే. రోడ్డు మీద లారీని దాటాలంటే దేవుణ్ణి తలుచుకోవాల.”

“నేను లారీల్ని దాటను.”

“గట్టెక్కేటప్పుడు మూలగతాది.”

“మూలగనీ. నేనూ మూలగతానే ఉండాగా.”

“నడుమా?”

“నడుమే అనుకో.”

“అనుకో అంటే? నడుమా, కాదా?”

“నడుమేలే. ఈ ఇసకలో పెద్దది పడిందంటే లేపేదానికి ఇద్దరు కావాల. నేను దాన్ని తోలతా ఉండానో, మోస్తా ఉండానో తెలీడంలా.”

“దాన్ని కొన్న రోజు బోగోలు సెంటర్లో కిళ్లీకొట్టు ముందర ఆపి, ఊరికే ఇంజను రేసు చేసినావు. పిల్లోళ్లంతా చుట్టూ మూగితే హీరో మాదిరి నిలబడినావు. నేనుండా గదా పక్కన.”

“అప్పుడు వేరు.”

“ఏం వేరు? అదే బండి, అదే మనిషి...”

“అన్నా, తాళం ఇస్తావా, ఇయ్యవా?”

“ఇస్తాన్లే, ఇదిగో. క్లచ్చి మెల్లగా వదులు. తడి ఇసక దాటి మెత్తదాంట్లోకి పోబాక... పోబాకంటే వినడే! జయకుమారూ! అటు కాదు, దిబ్బ! దిబ్బ ఉండాది! అయ్యో... పడినాడు. హు. లేచినాడు. ఓరి నీ పాసుగాల, మళ్లీ అదే దిబ్బ ఎక్కతా ఉండాడే ఈ మనిషి! అబ్బయా, నీళ్లల్లోకి పోబాకయ్యా, ఇంజనుకు ఉప్పు తగలతాది! ... వచ్చినావా? ఏదీ, మోకాలు చూపించు.”

“మోకాలికేం కాలా. చూసినావా అన్నా? చూసినావా?”

“చూసినా. పడినావు.”

“పడితే ఒక్కణ్ణే లేపినా! వెనక చక్రం అట్టా పక్కకి జారిపోతాదా, ఇంక పడతానే అనుకుంటానా, కాలు ఆనిస్తే చాలు, నిలబడతాది. పెద్దదానికి ఇసకలో యాక్సిలేటరు సగం కూడా తిప్పలేదు నేనెప్పుడూ, భయంతో. దీన్ని ఉండేదంతా పిండినా. అల మీద పోనిస్తే నీళ్లు ఎగిరి మొహాన కొట్టినాయి. చెల్లున కొట్టినాయి!”

“నవ్వతా ఉండావు.”

“ఏంది?”

“నవ్వతా ఉండావంటున్నా. నువ్వు నవ్వంగా చూసి ఎన్నాళ్లయిందో.”

“ఉప్పునీళ్లు కంట్లో పడినాయి.”

“కంట్లో పడితే నవ్వొస్తాదా?”

“దీన్ని తీసుకుంటా అన్నా. ఒక్కటే మాట. వెనక సీటు పీకెయ్.”

“సీటెందుకు పీకేది?”

“పీకెయ్ అంటున్నాగా. వెనక మనిషి కాళ్లు పెట్టుకునే కడ్డీలు కూడా.”

“అబ్బయా, ఈ చుట్టుపక్కల మోటారుసైకిలుండేది నీ ఒక్కడికే. ముసిలోడికి జొరమొస్తే నువ్వే. పిల్లోడి చెయ్యిరిగితే నువ్వే. పెళ్లికూతురి మేనమామ రైలు దిగితే, ఆయన్ని తెచ్చేది కూడా నువ్వే. సీటు పీకితే వాళ్లంతా యాడ కూర్చుంటారు?”

“కూర్చోరు. అందుకే పీకమంటున్నా.”

“అంటే?”

“అంటే అలిసిపోయినా. అన్నం ముందర కూర్చుంటానా, వాకిట్లో ‘జయకుమారన్నా’ అని కేక. తలమీద నీళ్లు పోసుకుంటానా, కేక. వద్దనలేను. అన్నానంటే ఇంట్లో కూర్చోలేను. ఒక్కపూట ఆ బండిని ఊరికే తోలిందే లేదన్నా. ఊరికే. యాడికీ పోకుండా, ఎవుర్నీ దించకుండా.”

“అలుపు సరే. నిరుడు కూడా ఇదే ఊరు, ఇవే కేకలు. విసుక్కుంటానే పోయేవాడివి, మళ్లీ నా షెడ్డుకొచ్చి గొప్పలు చెప్పుకునేవాడివి. మధ్యలో ఏం జరిగింది? చెంచమ్మేనా?”

“ఆ మాట వద్దు.”

“నేనెప్పుడూ అడగలా.”

“ఇప్పుడూ అడగబాక.”

“సరే, అడగనులే. ఉండు, ప్లగ్గు చూస్తా. తడిసుంటాది.”

“... తాటితోపులో పుల్లలేరుకుంటా ఉంటే కరిచింది అన్నా, పాము. మొగుడు మునెయ్య వేటకి పోయుండాడు, పడవ ఇంకా రాలా. అత్త పాతచీర చించి, ఆ పిల్లను నా నడుముకు కట్టింది, దోవలో పడిపోకుండా.”

“ఊఁ.”

“కాలవగట్టు ముందర ఇసకలో కూరకపోయింది బండి. ఎంత రేసు చేస్తే అంత లోపలికి దిగతాది. కట్టు విప్పి, ఆమెను గట్టు మీద కూర్చోబెట్టి, లాగితే రాదు. మంట మాదిరి ఎండ. కేకేస్తే పలికేవాడు లేడు. ‘మెల్లగా లాగన్నా, నాకేం తొందర్లా’ అన్నదన్నా. తొందర్లా అన్నది.”

“ఇట్టాంటి చిన్నదై ఉంటే...”

“ఇద్దరితో ఆ గట్టెక్కేదే కాదేమో ఇది. నాకు తెలీదు. రోజూ అదే లెక్క వేస్తా ఉంటా, తేలదు. లాగినా, మళ్లీ కట్టుకున్నా, పోయినాం. మాట్లాడిస్తానే ఉండా, ఊఁ కొడతానే ఉండాది. కొంతదూరం పోయినాక తల నా వీపుకి ఆనిచ్చింది. పాపం కళ్లు మూతపడినట్టుండాయి, కుదుపుకి లేస్తాదని మెల్లగా తోలినా. మెల్లగా తోలినానన్నా! కావలి ఆస్పత్రికి పోయి కట్టు విప్పినాక తెలిసింది.”

“అందులో నీ తప్పేముంది అబ్బయా?”

“అందరూ అదే అంటారు. తప్పో ఒప్పో, నా వీపు మీంచి ఆ తల దిగలా. ఎవురెక్కినా ఆమే ఎక్కినట్టుంటాది. వెనకోళ్లు మాట్లాడకపోతే బండి ఆపి తిరిగి చూస్తా. మొన్న ఒక ముసిలాయన్ని అట్టా దోవలో ఎన్నిసార్లు నిద్రలేపినానో, నన్ను పిచ్చోడనుకున్నాడు. ఇందాక దిబ్బ మీద పడ్డాను గదా? వెనక ఎవురూ లేరు. నేనొక్కణ్ణే పడినా. ఎంత హాయిగా ఉండిందో తెలుసా, ఒక్కడే పడటం?”

“... సరే. సీటు పీకేస్తా. కడ్డీలూ తీసేస్తా.”

“కోపమొచ్చిందా?”

“కోపం కాదు. రేపు ఇంకో పిల్లను కరిస్తే ఎట్టా అని మనసులో మెదలతా ఉండాది, అంతే. పైకి అనకూడదనే అనుకున్నా.”

“అన్నావుగా.”

“అన్నాలే. ఇంకోటి కూడా అంటా. మునెయ్య ఎదురైతే ఏం చేస్తావు? వల భుజానేసుకోని అతను ఈ దోవనేగా పోయేది.”

“పక్కకి తప్పుకునేవాణ్ణి.”

“తప్పుకునేవాణ్ణంటే? ఇప్పుడు తప్పుకోవా?”

“ప్లగ్గు బిగించన్నా, చీకటి పడతాది.”

“బిగిస్తా. అయితే పెద్దబండి నాకప్పజెప్పు. కోవూరు పక్క వరి రైతులుండారు, కళ్లకద్దుకోని తీసుకుంటారు.”

“అది ఇచ్చేసినా. ఈ పూటకి అడిగి తెచ్చుకున్నా, అంతే.”

“ఎప్పుడు? నాతో మాటైనా చెప్పకుండా? ఎవురికి?”

“ఊళ్లోనే.”

“మీ ఊళ్లో ఎవురికుండాది అంత స్తోమతు? పెట్రోలెవురు పోస్తారు?”

“పెట్రోలు ఊరంతా కలిసి పోసుకుంటారంట. మనిషి బలమైనోడు. ఇసకలో దిగబడినా ఒక్కడే లాగతాడు. తోలటం నేనే నేర్పిస్తా ఉండా, పొద్దున పూట.”

“ఎవురయ్యా ఆ మనిషి?”

“మునెయ్య. ఇంటికొచ్చి వాకిట్లో నిలబడి, ‘నువ్వు దిగన్నా, ఇంక ఎవురు కేకేసినా నేను పోతా’ అన్నాడు.”