ఒక దెబ్బకి ఆపు, రెండు దెబ్బలకి పోనీ

సైదులని ఒకడు, నాపరాళ్ళ లారీ వాడిది. సొంత లారీనే అనుకో. పాతికేళ్ళు తోలాడు. పెళ్ళాం గురవమ్మే క్లీనరు. ఏంది నవ్వుతారు? క్లీనర్లుగా వచ్చినోళ్ళు నాలుగు రోజులుండి ఐదో రోజు కనపడకుండా పోతంటే, ఈమె చీర ఎగదోపుకొని ఎక్కింది, ఇంక దిగలా. బండి వెనక్కి తియ్యాలంటే గురవమ్మ కిందికి దిగి బాడీ మీద అరిచేత్తో కొట్టేది. ఒక దెబ్బ కొడితే ఆపు, రెండు కొడితే పోనీ. లారీ వాళ్ళందరికీ అదే బాస. సైదులు అసలు అద్దంలోకి చూసేవాడే కాదంట. "అద్దం అబద్ధం చెప్పుద్ది, నా గురవమ్మ చెప్పదు" అనేవాడంట అందరితో.

ఇట్టా ఉండంగా ఏమైందంటే, లైసెన్సు మళ్ళా రాయించుకుందామని పోతే డాక్టరు కళ్ళు చూసి, ఎడం కన్ను సగం పోయింది, కుడిది పోతా ఉంది, నీకు పెద్ద బండి లైసెన్సు ఇయ్యరు పొమ్మన్నాడంట. ఇంటికొచ్చాడు. కూర్చోడు, నిలబడడు. కాలుగాలిన పిల్లిలాగా లారీ చుట్టూ తిరుగుతాడు, టైరుని ఒక తన్ను తంతాడు, మళ్ళా తిరుగుతాడు. మూడు రోజులు అదే పని. ఈలోపల రాళ్ళ మిల్లు వెంకటప్పయ్య దిగాడు. తోలేవాడు లేని లారీ ఎందుకు సైదులూ, తొలేకాశి పండగ లోపల ఎవురన్నా దొరికితే సరే, లేకపోతే నా బాకీ కింద నేను తోలుకుపోతా అన్నాడు. వీడు బిక్కమొహం ఏసుకొని తల ఊపాడు. అప్పుడు గురవమ్మ లోపల్నించి వచ్చి, దొరక్కపోవటం ఏంది, నేను లేనా అన్నదంట. నీకుండేది చిన్న బండి లైసెన్సు గదే అన్నాడు సైదులు. అది తీసుకొని మూడేళ్ళాయె, ఏడాది దాటితే పెద్దదానికి పోవచ్చంట, డ్రైవింగు స్కూల్లో నేర్చుకొని కాయితం తెస్తే పరీక్ష పెడతారంట, పోతన్నా అంది. అంతే. ఆ మనిషి మాట అంటే మళ్ళా వెనక్కి తీసుకోదు.

ఇంక స్కూలు. తెల్లారి బస్సెక్కి పోవటం, మధ్యానం రావటం. నేర్పే ఆయన "అద్దం చూడమ్మా, అద్దం చూడు" అని మొత్తుకుంటాడంట. ఈమె చూడదు. మొగుడి దగ్గిరే నేర్చింది గదా! దెబ్బ ఇనపడాల ఈమెకి. అయినా పట్టుబట్టింది. పొయ్యి కాడ కూర్చున్నా ఎడం కాలు ఊరుకోదు, క్లచ్చి తొక్కుతా ఉంటది. నేను చూశాగా, చింతపండు పిసుకుతా గేరు మారుస్తంది! ఊళ్ళో ఆడాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాన్లే, ఎందుకు దాచాల.

పరీక్ష రోజు వచ్చింది. కథలో రాజు ఏడీ అంటారేమో, బ్రేకు ఇన్‌స్పెక్టరే రాజు అనుకోండి. కడ్డీలు పాతి, వాటి మధ్యన ఎక్కడా ఆపకుండా బండి వెనక్కి తియ్యాలన్నాడు. పక్కన ఎవురూ ఉండగూడదు. సైదులు గేటు బయట. వాడు ఊరుకుంటాడా? ఇంజను మోత ఇంటంటే వాడికి చేతులు పీకుతున్నయ్యి. ఉన్నట్టుండి ఏమనిపించిందో, ఇనప గేటు మీద టాంగ్‌మని ఒక దెబ్బ కొట్టాడు. లోపల గురవమ్మ కాలు బ్రేకు మీద పడింది. బండి నడిమధ్యలో ఆగిపోయింది. ఆపొద్దన్నా గదా, పైగా బయటినించి సైగలా, ఫెయిలు, వారం తర్వాత రండి అన్నాడు ఇన్‌స్పెక్టరు. లెక్కేసుకో, వారమంటే తొలేకాశికి ముందురోజు. తప్పితే లారీ పోయినట్టే.

బస్సులో ఊరు దగ్గిర పడ్డాక ఆమే అడిగింది, ఎందుకు కొట్టావయ్యా అని. కడ్డీకి తగులుతున్నావనుకున్నానే అన్నాడు. నీకు కడ్డీ కనపడిందా అంది. సైదులు కిటికీలోంచి బయటికి చూసి, "కనపళ్ళా" అన్నాడంట. భయమేసిందే, అందుకని కొట్టా అన్నాడంట. ఆ మాటకి గురవమ్మ కోపమంతా పోయింది. అయితే ఈసారి నువ్వు రావాకు, ఇంట్లోనే ఉండు అంది.

ఉన్నాడు పాపం. ఎట్టా ఉన్నాడో మంచాన్ని అడగాల. అక్కడ ఆమె స్టీరింగు కళ్ళకద్దుకొని కూర్చుంది, గేరేసింది, కాలు లేవదే! పోనీ అనే దెబ్బ ఏదీ? ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటన్నాడు. ఏమ్మా, తీస్తావా దిగుతావా అన్నాడు. గురవమ్మ చటుక్కున కుడిచెయ్యి బయటికి పెట్టి, తలుపు మీద తనే రెండు దెబ్బలు కొట్టుకుంది. కాలు కదిలింది! అద్దంలో చూసుకుంటా, వంకర దగ్గిర మళ్ళా రెండు కొట్టుకుంటా, ఒక్క కడ్డీకి తగలకుండా చివరిదాకా తీసుకొచ్చి, ఒక దెబ్బ కొట్టుకొని ఆపింది. ఏందమ్మా ఆ కొట్టేది అన్నాడు ఇన్‌స్పెక్టరు. క్లీనర్నండి అంది. మరి డ్రైవరెవరు? అదీ నేనేనండి. ఆయనకి నవ్వొచ్చి సంతకం పెట్టాడంట.

ఆ కాయితం చూసి వెంకటప్పయ్య వచ్చిన దోవనే పోయాడు. మర్నాడే మొదటి లోడు. ఇప్పుడు సైదులు క్లీనరు. దించే కాడ వాడు దిగి, బాడీ మీద గట్టిగా రెండు దెబ్బలు, పోనీ అని. ఆమె నా తలుపు వైపే నిలబడమని ముందే చెప్పింది, అద్దంలో ముందు వాణ్ణి చూసుకుంటది, తర్వాతే వెనకాల గోడని. గోడ జానెడు దూరంలోకి వచ్చేసింది. వీడింకా రెండేసి కొడతానే ఉన్నాడు! ఆమె చప్పుడు కాకుండా బ్రేకు తొక్కింది. బండి ఆగినాక వాడు టక్కున ఒక దెబ్బ కొట్టాడు. "చూశావా, సమయానికి కొట్టా" అన్నాడంట. "అవునయ్యా, నువ్వు లేకపోతే గోడ కూలేది" అన్నదంట గురవమ్మ.

అద్దం అబద్ధం చెప్పుద్ది, గురవమ్మ చెప్పదు అనేవాడా? ఇప్పుడు ఆ అద్దమేమో నిజం చెప్తంది, గురవమ్మేమో రోజుకి నాలుగు లోడ్లకి నాలుగు అబద్ధాలు చెప్తంది. చెప్పనీ. ఇంక లెగండి, నాకు కాళ్ళు పీకుతున్నయ్యి.