పది, పది, తొమ్మిది

పిల్ల చదువు కోసం బీరువా తలుపుకి అంటించిన చార్టు ముందు భార్యాభర్తలు నిలబడ్డారు. పదేళ్ళ కూతురు పక్కగదిలో ఉంది. ఎంత వినబడినా వినబడనట్టు ఉండడంలో ఆరితేరిన పిల్ల.

“అడుగుతుంటే మాట్లాడరేం? ఎవరంటించారు ఈ చీటీలు?”

“నేనే. ఇంట్లో దెయ్యాలేం లేవుగా.”

“నాకు చెప్పకుండా?”

“చెప్తే వద్దంటావు.”

“వద్దంటానని తెలిసీ అంటించారన్నమాట! సైన్సు, చరిత్ర, భూగోళం. ఒక్కటి కాదు, రెండు కాదు, ఒకేసారి మూడు!”

“చింపకు. ఏయ్, చింపకంటున్నానా!”

“చింపేశాను. ఏం చేస్తారు?”

“మళ్ళీ రాస్తాను. నాకూ చేతులున్నాయి.”

“ఉన్నాయి, ఉన్నాయి. అంటించడానికే ఉన్నాయి. పొద్దున్నే సైటుకి పోయి చీకటి పడ్డాక సిమెంటు దుమ్ముతో దిగుతారు. పక్కన కూర్చుని ఒక్క పాఠం చెప్పారా?”

“నేను సైటుకి పోకపోతే...”

“పొండి, ఎవరొద్దన్నారు! బడిలో ఏమైందో మర్చిపోయారా? ఎనిమిది సబ్జెక్టులు. పొద్దున్నే బూట్లు చూస్తే చాలు, వాంతులు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు, గలగలా మాట్లాడే పిల్ల నోరు మూసేసుకుంది. బడి మానిపించింది ఇద్దరం. ఇంట్లో కూర్చుంది నేను.”

“కాదన్నానా? కానీ ఏడాదికి ముప్పై ఆరు వారాలని గళ్ళు గీసింది నువ్వే. ఇది ఇరవై రెండోది. ఇవాళ్టికీ చదవడం, లెక్కలు. చదవడం, లెక్కలు. మూడో ముక్క లేదు! నేనే ఆ పిల్లనైతే ఈపాటికి గోడ దూకేవాణ్ణి.”

“రూలు పెట్టుకున్నామా లేదా? రోజుకి పది లెక్కలు. వరసగా మూడు రోజులు ఒక్క తప్పూ లేకుండా చేస్తే, అప్పుడు కొత్త సబ్జెక్టు.”

“అది కావట్లేదుగా!”

“కాకపోతే ఆగాలి. స్లాబు పోసిన మర్నాడే కింద కర్రలు పీకేస్తారా మీరు?”

“పీకను. అలాగని జనం కాపురానికి దిగాక కూడా ఆ కర్రలు ఉంచను!”

“నిదానమే ప్రధానం అన్నారు.”

“ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు. సామెతలు నాకూ వచ్చు.”

“రావడానికేం, మీకన్నీ వచ్చు! నా చేతి కుట్టు కోసం నాలుగు వీధుల అవతల్నించి వచ్చేవాళ్ళు. ఆ మిషను మీద గుడ్డ కప్పి మూల పెట్టాను. ఇప్పుడు దీని చదువు తప్ప నాకింకేం పని ఉందండీ? ఆ ఒక్క పనిలోనూ వేలు పెట్టాలా?”

“మెల్లగా. పిల్ల వింటుంది.”

“విననీండి. కొత్తగా వినేదేముంది, నేను రోజూ అనేదేగా.”

“సరే. ఆ లెక్కల పుస్తకం ఇటివ్వు.”

“ఎందుకు? నా మీద తనిఖీయా?”

“పని ఎక్కడ ఆగిందో చూడకుండా నేను మేస్త్రీని కూడా తిట్టను. ఇవ్వు. ఊఁ... సోమవారం పదికి పది. మంగళవారం పది. బుధవారం తొమ్మిది.”

“చూశారా? మూడో రోజుకి అలసిపోతుంది.”

“గురువారం పది. శుక్రవారం పది. మళ్ళీ సోమవారం తొమ్మిది.”

“అలసిపోతుందండీ, చెప్తుంటే...”

“ఉండు. పది, పది, తొమ్మిది. పది, పది, తొమ్మిది... ఏంటే ఇది?”

“ఏంటి?”

“ఎనిమిది వారాల పుస్తకం. మొదటి రోజు ఒక్కసారీ తప్పలేదు. రెండో రోజూ తప్పలేదు. మూడో రోజు మాత్రం ఒకే ఒక్కటి. అదీ పదో లెక్కే. ఎప్పుడు చూసినా పదో లెక్కే.”

“అంటే? రోజూ దిద్దే నేను గుడ్డిదాన్నంటారా?”

“అరవకుండా విను. అలసిపోయినవాడు పెట్టిన ఇటుక ఎక్కడైనా వంకరపోతుంది. ఇంత వరసగా వంకర పెట్టాలంటే పని బాగా వచ్చినవాడే పెట్టాలి. ఇదిగో, ఇక్కడ చూడు. ముందు సరిగ్గానే రాసింది. రబ్బరుతో చెరిపి తప్పు రాసింది. కింద అచ్చు కనబడుతోంది.”

“ఏదీ?... ఇక్కడా చెరిపింది. ఈ పేజీలో కూడా... పిచ్చుకా! ఏయ్ పిచ్చుకా! ఇలా రా!”

“ఏంటమ్మా?”

“నాలుగు వందల ముప్పై రెండుని పన్నెండుతో భాగిస్తే ఎంత?”

“ముప్పై ఆరు.”

“కాగితం కూడా అక్కర్లేదు! మరి ఇక్కడ ముప్పై ఐదెందుకు వేశావు? చెరిపి మరీ?”

“ఊరికే వేశానమ్మా.”

“ఊరికేనా!”

“భయపెట్టకు. చెప్పమ్మా, మళ్ళీ బడికి పంపిస్తామనా?”

“కాదు నాన్నా.”

“మరి నన్ను వెర్రిదాన్ని చేయడానికా? రోజూ పక్కన కూర్చుని, నా తల్లి అలసిపోతోంది, నా తల్లి అలసిపోతోంది అని నేను...”

“నువ్వు ఆగు. పిచ్చుకా, సైన్సంటే ఇష్టం లేదా?”

“ఇష్టమే. నువ్వు తెచ్చి దాచిన పుస్తకం ఉందిగా, చదివేశాను. చరిత్ర కూడా అయిపోయింది.”

“అయిపోయిందా! మరి ఆ ముక్క చెప్పొచ్చుగా?”

“చెప్పకూడదనుకున్నాను. నువ్వు కూడా చీటీలు మళ్ళీ అంటించకు నాన్నా.”

“ఏం? ఎందుకు అంటించకూడదు?”

“నాకు అన్నీ వచ్చేస్తే, ఇంక అమ్మకేం పని ఉంటుంది?”