వినపడని పక్క

బల్గేరియాలో ఒక కొండపల్లె. పాట రికార్డు చేసి పట్టుకెళ్ళడానికి రేడియో నుంచి వచ్చిన రాంగెల్ బల్ల మీద మూడు మైకులు పెట్టుకొని కూర్చున్నాడు. పాడవలసిన స్తోయ్మెంకా అవ్వ లోపలికి వచ్చి తలుపు వేసింది.

“ముందు తిను. జున్నేసి కాల్చిన పొరల రొట్టె, బానిత్స. వేడిగా ఉంది.”

“వద్దవ్వా, కడుపులో చోటు లేదు.”

“పొద్దున్నే ఎవరు పెట్టారు నీకు?”

“ఎవరో పెట్టార్లే. వెత్కవ్వ రాలేదేం? ఇద్దరూ ఉంటేగా పాట.”

“వస్తుందిలే నా తోడికోడలు. ఆ పొడుగు మైకేంటి?”

“అదా, ఎదురుగా ఉన్నవాళ్ళనే వింటుంది. పక్కవాళ్ళని పట్టించుకోదు.”

“మా ఆయన సరిగ్గా దీనికి తిరగేసి. మరి ఈ చిన్నది?”

“అది అన్ని వైపులా వింటుంది. గడియారం, పొయ్యిలో కట్టె, నీ మోకాళ్ళ చప్పుడు, అన్నీ.”

“తీసెయ్, కళ్ళబడకుండా. ఈ లావుది?”

“ఇదే పెడదామనుకుంటున్నా. ముందూ వెనకా వింటుంది. ఇటు నువ్వు, అటు వెత్కవ్వ, ఎదురెదురుగా.”

“పక్కలకి?”

“పక్కలకి చెవుడు.”

“ఎంత చెవుడు?”

“ఎందుకవ్వా?”

“ఊరికే. పక్కన నిలబడి ఒకరు పాడారనుకో...”

“దాదాపు వినపడదు.”

“పెదాలు మాత్రం ఆడతాయి. చూసేవాళ్ళకి పాడుతున్నట్టే ఉంటుంది. అంతేనా?”

“వెత్కవ్వని అక్కడ నిలబెట్టమంటావా? పాపం కదా! నలభై ఏళ్ళు నీ వెనక శ్రుతి పట్టింది.”

“దాన్నని ఎవరన్నారు?”

“మరి?”

“ఆ కిటికీ కూడా వెయ్యి.”

“వేశా. చెప్పు.”

“నన్ను నిలబెట్టు. ఈస్టరు నుంచి పై గొంతు పలకట్లేదు. మేక అరిచినట్టుంది. నలభై ఏళ్ళూ ముందు ఎత్తుకున్నది నేనే. దానికి తెలిసిందా, ఇంక నేను వీధిలోకి రాలేను. నవ్వుతావేంటి?”

“నవ్వట్లేదు.”

“పళ్ళు కనిపిస్తుంటే!”

“ఎడమ పక్క ఖాళీ లేదవ్వా.”

“ఖాళీ లేకపోవడమేంటి?”

“పొద్దున్నే వెత్కవ్వ వచ్చి తీసేసుకుంది. బానిత్స పెట్టి మరీ. తనకీ చలికాలం నుంచి గొంతు పెగలట్లేదట. నీకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది. ఇప్పుడు నువ్వు కుడి పక్కకి పోతే ఇక పాడాల్సింది నేనే.”

“దానికీ పోయిందా!”

“పోయింది.”

“ముందే చెప్పి ఏడవొచ్చుగా! ఆ లావుది తీసెయ్. చిన్నది పెట్టు, అన్నీ వినేది.”

“నీ గొంతూ వినపడుతుందవ్వా.”

“పడనీ నాయనా. దానిది నాకంటే ఎంత పగిలిందో ఊరంతా వినాలి.”