మూడు లీటర్ల దొంగ

హలో… ఆదెన్నా… ఆ, నేనేప్పా, సోమశేఖర్‌ను.

ఫోను పెట్టేయాకప్పా! నిన్న నిన్ను డ్రైవరు పనిలోంచి తీసేసింది నిజమే… పెట్రోలు దొంగ అన్నదీ నిజమే… ఆ మాట మళ్ళా మాట్లాడుకుందాం. ఇప్పుడు కారు నిల్చిపోయినాది.

యాడంటే… గోరంట్ల దాటి, చిలమత్తూరు దోవలో. దిగుడు మీద, ముక్కు కిందికి పెట్టి. మీ ఊరికి దగ్గరే గదా.

మా అంగట్లో తీసుకున్న పెండ్లికూతురి ముహూర్తం చీర కార్లోనే ఉండాది. పదిన్నరకు ముహూర్తం. తొమ్మిదయింది. ఆ పిల్ల చీర కోసం కాచుకోని కూసోనుండాది…

పెట్రోలా? మూడు లీటర్లు ఉండాది!… ఎవురు చెప్పినారంటే? సెన్సారు చెప్పినాది. బెంగళూరు నుంచి తెప్పించి ట్యాంకులో పెట్టించినా గదా, ఫోన్లోనే చూపిస్తాది. నీ మాదిరి ట్యాంకును తట్టి, చెవి పెట్టి చెప్పే బాపతు గాదు.

…ఏంది? బ్రేకు వదలాల్నా?… వదిలినా… దిగుతాండాది… ఆ, సమంగా ఉండేతావ ఆపినా.

ఫోన్లో చూసేదా? ఉండు…

అయ్యో! సున్నా చూపిస్తాండాదే! మూడు లీటర్లు యాడికి పోయినాది? కార్లో నేనొక్కణ్ణే గదప్పా ఉండేది!

…ముందుకు వాలితే ఎక్కువ చూపిస్తాదా?… వెనక్కి వాలితే తక్కువా?… మా అంగడి ముందరా? ఆ, ఏటవాలే. ముక్కు పైకి పెట్టే నిలబెడతావు నువ్వు, రోజూ సాయంత్రం…

అంటే… రోజూ సాయంత్రం ఫోన్లో పెట్రోలు తగ్గింది నువ్వు తీసి గాదు, ఆ వాలుకా…

తెల్లారి బయల్దేరినాక మళ్ళా ఎక్కుతాండె. చూడకేమి, చూసినా!… భయపడి తిరిగి పోస్తాండావేమో అనుకున్నా… నవ్వాకప్పా.

…నవ్వడం లేదా? ఏమయింది? మీ ఇంటామె కదిరమ్మ నిన్నట్నుంచి సిగ్గుతో వాకిట్లోకి రాలేదా?… ఆదెన్నా…

ఉండు, సెన్సారు నుంచి మెసేజి వచ్చింది. ‘పెట్రోలు దొంగతనం. మూడు లీటర్లు. డ్రైవరు: సోమశేఖర్.’ దీని మొహం మండ! పొద్దున నీ పేరు తీసి నా పేరు ఎక్కించినా గదా…

చీరల అంగళ్ళోళ్ళ గ్రూపులో కూడా పడినాదే! నీ దొంగతనం ఊరంతా తెలియాలని సెన్సారును గ్రూపుకు నేనే కలిపించినా… అప్పుడే ఈశ్వరప్ప అడుగుతాండాడు, ‘ఎన్నాళ్ళ నుంచప్పా?’ అని. సిగ్గు పోయింది!

నేను దొంగను గాదని నువ్వన్నా చెప్పప్పా!

…

అవును. నువ్వూ నిన్న అదే అన్నావు. నేను వినలే.

పెట్రోలు తెస్తావా? బంగారం లాంటి మాట… ముందు గ్రూపులో రాయాల్నా? ఏమని?… సెన్సారుది తప్పు అని రాస్తే చాలదా?… సరేలే. సరేలేప్పా. రాస్తాండా… ‘ఆదెన్న దొంగ కాదు. తప్పు నాది.’ పంపించినా.

కదిరమ్మతో కూడా చెప్పాల్నా? నా నోటితోనా… ఇయ్యి ఫోను.

అమ్మా కదిరమ్మా… నేనే, సోమశేఖర్‌ను. మీ ఆయన దొంగ కాదమ్మా. నేనే సెన్సారును గుడ్డిగా నమ్మి నింద వేసినా… అందరికీ రాసినా… నీకూ చెప్తాండా.

…ఒకసారి ఆదెన్నకు ఇయ్యమ్మా… పోయినాడా? క్యాను తీసుకోని, అప్పుడే?… నేను మొదట హలో అన్నప్పుడే క్యాను చేతికి తీసుకున్యాడా?

…

లేదమ్మా, ఎన్ని లీటర్లు తెస్తాడో నేను అడగను. పెట్టేస్తా.