ఫొటోలో ఎడమవైపు మనిషి

సభకు పెద్దగా కూర్చున్న మా సంపాదకులవారికీ, ఆయన పక్కన నాకంటే ఇబ్బందిగా కూర్చున్న మేనేజరుగారికీ, డెస్కు మిత్రులకూ, ఫొటోగ్రాఫర్లకూ, ముప్పై నాలుగేళ్లు నా చేతిరాత చదివి కళ్లజోళ్లు తెచ్చుకున్న సబెడిటర్లకూ, మొదటి వరుసలోంచి "తొందరగా ముగించరా" అని ఇప్పటికే రెండుసార్లు సైగ చేసిన మా అక్కకూ నమస్కారం. (నవ్వులు)

సంపాదకులవారు నా గురించి మంచి మాటలు చెప్పారు. అలవాటు కొద్దీ వింటూనే రాసుకున్నాను. మొత్తం పదకొండు వాక్యాలు. పది ఆయన అభిప్రాయాలు, వాటి జోలికి నేను పోను. పదకొండోది మాత్రం వాస్తవం అన్నట్టుగా చెప్పారు: "ఈయన వార్తకు సవరణ వేయాల్సిన అవసరం ఏనాడూ రాలేదు" అని. వచ్చిందండి. పందొమ్మిదిసార్లు వచ్చింది. (నవ్వులు) పద్దెనిమిది చిన్నవి. జడ్జీగారి వయసు రెండేళ్లు ఎక్కువ వేశాను, ఆవిడ నాతో నాలుగు నెలలు మాట్లాడలేదు. అలాంటివి. పందొమ్మిదోది చిన్నది కాదు. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

మీలో కొత్తగా చేరినవాళ్లకు తెలియకపోవచ్చు. కాగితం మీద అచ్చు వేయడం ఆపేసి ఆరేళ్లయింది. అప్పటి నుంచి మన పత్రిక అంటే మన వెబ్‌సైటే. మొదట్లో అది స్టాటిక్ పేజీలతో నడిచేది. ఆ పేజీలన్నీ ఒక్క చేత్తో తయారు చేసినావిడను మనమంతా సైటు మేడమ్ అంటాం. ఆవిడ ఇక్కడే ఉన్నారు, ఆ స్తంభం వెనక. దాక్కోకండి మేడమ్, మిమ్మల్ని తిట్టను. (నవ్వులు) రెండేళ్ల క్రితం డైనమిక్ పేజీలకు మారాం. తేడా ఏమిటని నేను అడిగితే ఆవిడ అరగంట చెప్పారు. నాకు అర్థమైనంత నా భాషలో చెబుతాను.

స్టాటిక్ పేజీ అంటే కోర్టు గోడకు అంటించిన నోటీసు. ఒకసారి రాసి అంటిస్తే జడ్జీగారు చదివినా జేబుదొంగ చదివినా అదే. డైనమిక్ పేజీ అలా కాదు. గోడ ఖాళీగా ఉంటుంది. మీరు వెళ్లి దాని ముందు నిలబడితే అది మిమ్మల్ని ఎగాదిగా చూసి, నిన్నా మొన్నా ఏం చదివారో గుర్తు తెచ్చుకుని, అప్పటికప్పుడు మీకోసం ఒక నోటీసు కూర్చి చూపించి, మీరు పక్కకు తిరగగానే చెరిపేస్తుంది. మీ వెనక వచ్చినవాడికి ఇంకొకటి.

ఈ మాట విని నేను పాత పద్ధతే మేలు కదా అన్నాను. సైటు మేడమ్ ఊరుకోలేదు. "ఆఫీసు ఫోన్ నంబరు మారినప్పుడు మూడు వందల పేజీలు ఒక్కొక్కటీ తెరిచి నేనే దిద్దాను. అప్పుడు మీరొచ్చి ఓ పది దిద్దారా?" అన్నారు. దిద్దలేదు. కాబట్టి ఆ విషయంలో నాకు తీర్పు చెప్పే అర్హత లేదు.

ఇక నా సంగతి. నేను ఒక్కణ్నే ఉంటానని మీకు తెలుసు. పొద్దున్నే టీ కాచుకుని, కిటికీ దగ్గర కూర్చుని, ఫోన్లో మన సైటు తెరుస్తాను. ఈ రెండేళ్లూ ఎప్పుడు తెరిచినా నా వార్తే పైన. కోర్టు వార్త ఎంత చప్పగా ఉన్నా అదే పైన. జనం చదువుతున్నారు కాబట్టే పైన పెట్టారనుకున్నాను. ఇంటికెళ్లి "ఇవాళ ఇది రాశాను" అని చెప్పుకోవడానికి మనిషి లేనివాడికి అది చిన్న విషయం కాదు. ఆ పేజీ చూసుకునే నేను ఆఫీసుకు బయల్దేరేవాణ్ని.

కిందటేడు ఒక లిఫ్ట్ తెగిపడిన కేసు రాశాను. ఇద్దరికి కాళ్లు విరిగాయి. లిఫ్ట్‌ను తనిఖీ చేయకుండానే చేసినట్టు సంతకం పెట్టాడని ఒక మెకానిక్ మీద కేసు. అదే కంపెనీలో ఇంకో మెకానిక్ సాక్షి. ఇనుప తాడు అరిగిపోయిందని ప్రమాదానికి మూడు వారాల ముందే కంపెనీకి కాగితం రాసిచ్చిన మనిషి. వాయిదా రోజున ఇద్దరూ కోర్టు వరండాలో పక్కపక్కనే నిలబడ్డారు. మన ఫొటోగ్రాఫర్ చక్కటి ఫొటో తీశాడు. ఎవరు ఎవరని గుమాస్తాను అడిగితే "ఎడమవైపు ఉన్నవాడే ముద్దాయి" అన్నాడు. గుమాస్తా వాళ్ల వెనక నిలబడి చెప్పాడు. నేను ఎదురుగా నిలబడి రాసుకున్నాను. ఆయన ఎడమ నాకు కుడి అన్న ఆలోచన రాలేదు. ముప్పై మూడేళ్ల అనుభవం ఉన్నవాడికి రాలేదు. ఫొటో కింద రాశాను: "ఎడమవైపు నిందితుడు."

మర్నాడు పొద్దున గుమాస్తాయే ఫోన్ చేసి చెప్పాడు. పది గంటలకల్లా ఫొటో కింద రాత దిద్దించాను. విడిగా సవరణ రాసి పెట్టించాను. మరుసటి రోజు టీ తాగుతూ తెరిస్తే సవరణ అన్నిటికంటే పైన ఉంది. పదకొండు రోజులు అలాగే ఉంది. మన పత్రిక నిజాయితీకి నేనే మురిసిపోయాను. అక్కడితో ఆ ఫైలు మూసేశాను.

పదకొండు నెలల తర్వాత ఆ సాక్షి మెకానిక్ ఆఫీసుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సార్, ఆ ఫొటో ఇకనైనా తీసేస్తారా?"

"అదెప్పుడో దిద్దాం కదయ్యా. సవరణ కూడా వేశాం. పదకొండు రోజులు మొదటి పేజీలో పైనే ఉంది."

"ఎక్కడ పైన?"

నా ఫోన్ తీసి వెతికి చూపించాను. ఆయన నిదానంగా మొత్తం చదివాడు. తర్వాత తన ఫోన్ తీసి మన సైటు తెరిచి నా చేతిలో పెట్టాడు. పాత స్కూటర్ల ధరలు, ఆటల స్కోర్లు, నడుంనొప్పికి ఆరు చిట్కాలు. కింద దాకా జరిపాను. నా పేరు మీద ఒక్క వార్త కూడా లేదు.

"ఆ పదకొండు రోజులూ నేను పొద్దునా సాయంత్రం తెరిచి చూశాను సార్. ఏదైనా వేస్తారేమోనని. ఇదిగో, ఇలాంటివే ఉన్నాయి. మీరుండే ఊరు వేరే, మా ఊరు వేరేలా ఉంది" అన్నాడు. వెళ్లబోతూ ఇంకో మాట అన్నాడు. "మా బిల్డింగులో నేను లిఫ్ట్ ఎక్కితే మిగతావాళ్లు మెట్లెక్కి పోతున్నారు సార్. నేను లిఫ్ట్ మెకానిక్‌ని."

నీళ్లు కొంచెం ఇటివ్వండి.

ఆ రోజే సైటు మేడమ్‌ను లెక్కలు అడిగాను. తప్పు రాతతో ఉన్న ఫొటోను మొదటి రోజు నలభై ఒక్క వేల మంది చూశారు. సవరణను ఈ పదకొండు నెలల్లో రెండు వందల పన్నెండుసార్లు తెరిచారు. "అందులో అరవై మూడు మీవే" అన్నారావిడ. "మీ వార్తలు మీరే రోజూ తెరుస్తారు కదా, అందుకని మీకే చూపిస్తుంది. ఆ పేజీ మీకోసం తయారైంది సార్. అలాంటిది ఇంకెవరి దగ్గరా ఉండదు." ఆవిడ ఎగతాళిగా అనలేదు. ఉన్నది చెప్పారు.

అయినా నమ్మకం కుదరక సాయంత్రం మా అక్క ఇంటికి వెళ్లి ఆవిడ ఫోన్ చూశాను. మోకాళ్ల నొప్పులు, చీరల బేరాలు, ఏనుగు పిల్ల స్నానం చేస్తున్న వీడియో. (నవ్వులు) "నా వార్తలు రావడం లేదా అక్కా?" అంటే ఆవిడ ఏమందో చెప్పనా? చెప్పమంటోంది. "రెండేళ్ల నుంచీ కనపడటం లేదురా. నిన్ను పక్కన కూర్చోబెట్టారేమో, అడిగితే బాధపడతావని ఊరుకున్నా" అంది.

రెండేళ్లు ఆవిడ నన్ను అడగలేదు. రెండేళ్లు నేను కిటికీ దగ్గర నా పేజీ నేనే చదువుకుంటూ ఊరంతా చదువుతోందనుకున్నాను. ఇద్దరి ఇళ్ల మధ్య దూరం నాలుగు వీధులు.

నా బాధ సంగతి పక్కన పెడదాం. రేపటి నుంచి తీరిక ఎలాగూ బోలెడు. ఆ మెకానిక్ సంగతి అలా కాదు. అందుకని సంపాదకులవారిని ఒకటి కోరాను. సైటులో సవరణల కోసం ఒక్క పేజీ, ఒకే ఒక్కటి, పాత పద్ధతిలో ఉంచండి. ఎవరు ఎక్కడి నుంచి వచ్చినా మొదట అదే కనిపించాలి అన్నాను. సైటు మేడమ్ ఆ పేజీ తయారు చేసి పెట్టారు. మూడు వారాలైంది. సంపాదకులవారు "చూద్దాం" అన్నారు. ఆయన చూద్దాం అంటే ఏమిటో ఈ హాల్లో అందరికీ తెలుసు. (నవ్వులు) మీరూ నవ్వుతున్నారు, సంతోషం. నాకు వీడ్కోలు కానుకగా ఏదో గోడగడియారం కొన్నారని విన్నాను. అది ఎవరికైనా ఇచ్చేయండి. నాకు ఆ పేజీ ఇప్పించండి. (చప్పట్లు)

ఈ సభకు రమ్మని ఆ మెకానిక్‌ని పిలిచాను. అందరి ముందూ చెబుతానన్నాను. "నాకెందుకు సార్ చెప్పడం? నాకు తెలుసుగా. తెలియనివాళ్లకు చెప్పండి" అన్నాడు. రాలేదు.

సరే. ఈ హాల్లో నూట నలభై మంది ఉన్నారు. ఎవరికి ఏది ఇష్టమో చూసి ఒక్కొక్కరికీ ఒక్కో మాట వినిపించే ఏర్పాటు ఇక్కడ లేదు. అందరూ ఒకటే వింటారు. నా చివరి వార్త చదువుతున్నాను.

"సవరణ. లిఫ్ట్ ప్రమాదం కేసుకు సంబంధించి మేము ప్రచురించిన ఫొటోలో ఎడమవైపు నిలబడిన వ్యక్తి నిందితుడని రాశాం. అది తప్పు. ఆయన సాక్షి. తాడు అరిగిందని ప్రమాదానికి మూడు వారాల ముందే రాసిచ్చిన మెకానిక్ ఆయనే. తప్పు మా విలేకరిది."

వెనక వరుసల్లో వినిపించిందా?

(వెనక నుంచి: "వినిపించింది.")

స్తంభం అవతల?

(స్తంభం అవతలి నుంచి: "వినిపించింది సార్.")

ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.