ఇనుము తగలని రాళ్ళు

యూదయ కొండ మీద కొత్త బలిపీఠం సిద్ధమైంది. గొర్రెను పక్కన కట్టేసి, ముసలి యాజకుడు ఒక్కో రాయినీ తడిమి చూస్తున్నాడు. పీఠం కట్టినవాడు వెనకే నిలబడ్డాడు.

“ఈ మూలరాయి మరీ బుద్ధిగా కూర్చుందేమిట్రా?”

“వాగులో అరిగిన రాయి అయ్యా. అలాగే దొరికింది.”

“వాగెండి మూడేళ్ళయిందిగా?”

“అంతకు ముందే అరిగిందయ్యా.”

“నోటికేం తక్కువ లేదు. ఇనుము తగిలితే రాయి మైలపడుతుంది, ఆ బలి దేవుడు ముట్టడు. ఇక వాన ఎక్కణ్ణించి వస్తుంది?”

“తెలుసయ్యా.”

“మరి ఈ గీతేమిటి?”

“నక్క గీరిందేమో.”

“నక్క ఇంత తిన్నగా గీరుతుందా? ఉలి దెబ్బ నాకు తెలీదనుకున్నావా? పీకెయ్! మీ నాన్న కట్టిన పాత పీఠం మీద ముప్పై ఏళ్ళు బలులిచ్చాను, ఒక్క ఏడాదీ వాన తప్పలేదు. భూకంపానికి అది కూలింది, కరువొచ్చింది. ఆయన నిజాయితీ నీకేదిరా?”

“నాన్న ఉలి నా దగ్గరే ఉందయ్యా. ఆ పీఠం రాళ్ళన్నీ చెక్కింది దాంతోనే.”

“...అన్నీనా?”

“అన్నీ.”

“ఎవరికైనా చెప్పావా?”

“లేదయ్యా.”

“అయితే ఆ గీత మీద కాస్త మట్టి పుయ్యి. గొర్రెను తీసుకొస్తాను.”